రొమ్ము తీశాక కరెంటు (రేడియేషన్) పెట్టాల్సి ఉంది. కొత్త రొమ్ము ఎప్పుడు, దేనితో చేయించుకోవాలి?

తెనాలి టైలర్:

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు. తెనాలిలో చిన్న టైలరింగ్ షాపు ఉంది, ఎక్కువగా జాకెట్లే కుడతాను. ఎడమ రొమ్ములో క్యాన్సర్. గడ్డ ఒక్కటే అయితే అంతవరకే తీసి మిగతాది ఉంచేవాళ్లట. నాకు దూరం దూరంగా రెండు చోట్ల ఉన్నాయి, మామోగ్రామ్‌లో సున్నపు చుక్కలు కూడా చాలా మేర కనిపించాయి. అందుకని మొత్తం తీయక తప్పదన్నారు. చంకలో బిళ్లలకు కూడా పాకింది. ముందు కీమో ఇచ్చారు, ఆఖరిది అయిపోయింది. వచ్చే నెల ఆపరేషన్. ఆ తర్వాత కరెంటు పెట్టి తీరాలని రేడియేషన్ డాక్టరుగారు ఇప్పుడే చెప్పేశారు.

సర్జన్‌గారు ఓపిగ్గానే వివరించారు. తీసినప్పుడే ఇంప్లాంట్ పెట్టొచ్చు. లేదా వీపు కండ ముందుకు తెచ్చి చేయొచ్చు. లేదా ఇప్పుడు ఏమీ చేయకుండా, కరెంటు అంతా అయ్యాక పొట్ట కొవ్వుతో చేయించుకోవచ్చు. అసలేమీ వద్దనుకుంటే బ్రాలో పెట్టుకునే ప్రొస్థీసిస్ ఉంది. ఆలోచించుకుని వచ్చేసారి చెప్పమన్నారు. ఆయన గదిలో ఉన్నంతసేపూ అన్నీ అర్థమైనట్టే ఉంది. బస్సెక్కేసరికి అన్నీ కలిసిపోయాయి.

మా ఆయన "నువ్వు బతికుంటే చాలు, అవన్నీ ఎందుకు" అంటున్నారు. ప్రేమతోనే అంటున్నారు. మా అత్తగారు కూడా అదే మాట. కానీ నాకు కావాలని ఉంది. రోజంతా ఆడవాళ్ల కొలతలు తీసే పని నాది. ట్రయల్ వేసుకున్నప్పుడు ఒక వైపు కొంచెం తేడా వస్తే వాళ్ల మొహం ఎలా మారుతుందో చూస్తూనే ఉంటాను. అలాంటిది నాకు నేను జాకెట్టు కుట్టుకునేటప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకుంటే నిద్ర పట్టడం లేదు.

నా సంగతులు: షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటున్నాను. రెండు సిజేరియన్లు, ఫ్యామిలీ ప్లానింగ్ ఆపరేషన్ అయ్యాయి. పొట్ట బాగానే ఉంది. రొమ్ములు మధ్యస్థం కంటే కొంచెం పెద్దవే. కుడిచేతి వాటం, కానీ మిషన్ మీద గుడ్డ నడిపేది ఎడమ చెయ్యే. ఆ చెయ్యి పోతే షాపు పోయినట్టే. మా ఆయన ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది, అయితే హాస్పిటల్‌లో ఇన్సూరెన్స్ చూసే అబ్బాయి "ఇది కాస్మెటిక్ కిందికి వస్తుందేమో మేడమ్" అన్నాడు. అదింకో టెన్షన్.

చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.

హనుమకొండ టీచర్:

చెల్లె, ముందుగా ఒక మాట. నీకు కావాలని ఉండడం తప్పు కాదు, వయసుకు మించిన కోరికా కాదు. నాకు అప్పుడు 47. హైస్కూల్‌లో లెక్కలు చెప్తాను. బోర్డు వైపు తిరిగినప్పుడల్లా పైట సర్దుకుంటూ ఎన్నేళ్లు నిలబడాలి అని నేనూ ఏడ్చిన. పిల్లలకు ఫీజు కట్టేటప్పుడు ఇది అవసరమా అని ఎవ్వరూ అడగరు. మన ఒంటి దగ్గరికి వచ్చేసరికి అందరూ అడుగుతరు.

నాది కుడివైపు. చంకలో బిళ్లలకు పాకింది, కరెంటు పెట్టిన్రు. రొమ్ము తీసినప్పుడు ఏమీ చేయించుకోలేదు. కరెంటు పూర్తయిన ఏడాది తర్వాత హైదరాబాద్‌లో పొట్ట కొవ్వుతో చేయించుకున్న. దాన్ని డీఐఈపీ ఫ్లాప్ అంటరు, డాక్టర్లు "డీప్" అని పలుకుతరు. ఫ్లాప్ అంటే ఒక చోటి నుంచి తీసి ఇంకో చోట పెట్టే ఒంటి ముక్క. నేను తెలుసుకున్నదంతా రాస్త, ఓపికగా చదువు.

నీ విషయంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది కరెంటు. ఏది అందంగా ఉంటది, ఏది చవక అన్నవి తర్వాత. ఇంప్లాంట్ పెట్టినప్పుడు మన శరీరం దాని చుట్టూ ఒక పొర కడతది. అది అందరికీ జరిగేదే. కరెంటు తగిలితే ఆ పొర గట్టిపడి బిగుసుకుపోయే అవకాశం చాలా పెరుగుతది. రొమ్ము రాయిలా అయి పైకి జరుగుతది, కొందరికి నొప్పి కూడా. అందరికీ అట్లా అవుతదని కాదు, కరెంటు పెట్టినా ఇంప్లాంట్‌తో బాగున్నవాళ్లు ఉన్నరు. కానీ నీకు షుగర్ కూడా ఉంది, ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. ఆపరేషన్ అయిన చోట ఇన్ఫెక్షన్ వస్తే అది తగ్గేదాకా కరెంటు వెనక్కి పోతది. నాకు భయం వేసింది అక్కడే. క్యాన్సర్ వైద్యం ఆలస్యం చేసే పని ఏదీ ఒద్దనుకున్న.

పొట్టతో ఇప్పుడే చేయించుకుంటే అని నువ్వు అడగొచ్చు. చేసే డాక్టర్లు ఉన్నరు. కానీ కొత్తగా తెచ్చి పెట్టిన కొవ్వుకు కరెంటు తగిలితే అది కుంచించుకుపోవచ్చు, మధ్యమధ్యలో గట్టి ఉండలు కట్టొచ్చు. ఆ ఉండ చేతికి తగిలినప్పుడల్లా మళ్లీ వచ్చిందా అని గుండె ఆగినంత పనైతది. అందుకే కరెంటు అయినంక కనీసం ఆరు నెలలు, చాలామంది ఏడాది దాకా ఆగమంటరు. కాలిన చర్మం కోలుకోవాలె కదా.

సిజేరియన్ గీత ఉన్నంత మాత్రాన డీప్ కుదరదని కాదు. నాకూ ఒక సిజేరియన్ అయ్యింది. ముందు పొట్టకు సీటీ యాంజియో తీసి, ఏ రక్తనాళం ఎక్కడి నుంచి పైకి వస్తున్నదో మ్యాపులా గీసుకుంటరు. బొడ్డు కింది నుంచి చర్మం, కొవ్వు, వాటికి రక్తం తెచ్చే సన్న నాళాలు తీసి, ఛాతీ దగ్గర నాళాలకు మైక్రోస్కోప్ కింద కుడతరు. పొట్ట కండ అట్లనే ఉంటది. పాత పద్ధతి ట్రామ్‌లో కండ కూడా తీసేవాళ్లు, తర్వాత పొట్ట ఉబ్బడం, హెర్నియా ఎక్కువ. అందుకే నీ హాస్పిటల్‌లో "పొట్టతో చేస్తం" అంటే డీపా, ట్రామా అని కచ్చితంగా అడుగు. వాళ్లు ఏడాదికి ఎన్ని చేస్తరో కూడా అడుగు. మొహమాటపడకు. జాకెట్టు ఇచ్చే ముందు నీ పనితనం చూడకుండా ఎవరైనా ఇస్తరా?

పొద్దున తీసుకపోతే సాయంత్రం దాకా పట్టింది. ఆ రాత్రి నర్సు గంట గంటకు వచ్చి కొత్త రొమ్ము రంగు చూసుడు, వేలితో నొక్కి చూసుడు, డాప్లర్ పెట్టి నాళం చప్పుడు వినుడు. గది వెచ్చగా ఉంచిన్రు. కుట్టిన నాళంలో రక్తం గడ్డ కడితే వెంటనే మళ్లీ థియేటర్‌కు తీసుకపోవాలె. అరుదుగా మొత్తం ఫ్లాప్ చచ్చిపోయి తీసేయాల్సి వస్తది. నూటికి ఒకరిద్దరికి అట్లా అయితదని ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నరు. నాకు అట్లా కాలేదు. కానీ తర్వాతి రెండు వారాలు నడుం నిలబెట్టలేకపోయిన, వంగి నడిచిన. బొడ్డు కింద ఇటు అంచు నుంచి అటు అంచు దాకా పెద్ద గీత ఉంది. ఆపరేషన్ కంటే ఆ వంగి నడిచిన రోజులే కష్టం అనిపించింది, నిజంగా చెప్తున్న.

కొత్త రొమ్ము మెత్తగా, వెచ్చగా ఉంది, నాదే అనిపిస్తది. కానీ ముట్టుకుంటే స్పర్శ తెలియదు. ఇది ఎవ్వరూ గట్టిగా చెప్పరు, అందుకే చెప్తున్న. వేడినీళ్ల బ్యాగు పెట్టుకోవద్దు, కాలినా తెలియదు. ఇంకోటి, ఒక్క ఆపరేషన్‌తో అయిపోదు. కొన్ని నెలల తర్వాత రెండో వైపు రొమ్మును కొంచెం పైకి ఎత్తి సరిచేసిన్రు. చనుమొన కావాలంటే తర్వాత చేస్తరు, రంగు కోసం టాటూ వేస్తరు. నేను అది వేయించుకోలేదు, అవసరం అనిపించలేదు.

చివరగా ఇది మాత్రం మరవకు. పొట్ట కొవ్వు ఒక్కసారే వాడుకోవచ్చు. మళ్లీ రెండో వైపు అవసరమైతే అక్కడ ఏమీ మిగలదు. నీకు 43, బీఆర్‌సీఏ జీన్ పరీక్ష, అంటే వంశపారంపర్యంగా వచ్చే రొమ్ము క్యాన్సరా అని చూసే పరీక్ష, చేసిన్రా? అది పాజిటివ్ వస్తే రెండో రొమ్ము కూడా తీయాలా అన్న మాట వస్తది. అప్పుడు రెండు వైపులకూ పొట్టను ఒకేసారి వాడతరు. ఆ రిపోర్టు చేతికి రాకుండా పొట్టను ముట్టనియ్యకు.

ఎడిసన్ నుంచి:

నేను న్యూజెర్సీలో ఉంటాను, మాది భీమవరం. టీచర్ గారు ఇంప్లాంట్ గురించి రాసింది నాకు జరిగింది. తీసినప్పుడే ఎక్స్‌పాండర్ పెట్టారు. అది ఖాళీ సంచిలాంటిది, వారం పది రోజులకోసారి సూదితో సెలైన్ ఎక్కించి చర్మాన్ని సాగదీస్తారు. కరెంటు అయ్యాక దాని బదులు సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారు. ఏడాదిన్నరకు గట్టిపడిపోయింది. ఎడమ పక్కకు తిరిగి పడుకోలేకపోయేదాన్ని. చివరికి అది తీయించేసి డీప్ చేయించుకున్నాను. కరెంటు అవసరం లేనివాళ్లకు ఇంప్లాంట్ మంచి దారే. మా కజిన్‌కు చిన్న ఆపరేషన్, తొందరగా కోలుకుంది, హాయిగా ఉంది. కాబట్టి దానికి నేను వ్యతిరేకం కాదు.

ఎవరైనా ఇంప్లాంట్ వైపు వెళ్తే మాత్రం ఇవి గుర్తుపెట్టుకోండి. అది జీవితాంతం ఉండేది కాదు, పదీ పదిహేనేళ్లకు మార్చాల్సి రావచ్చు. లోపల చిరిగినా పైకి తెలియదు కాబట్టి ఐదారేళ్ల తర్వాత నుంచి రెండు మూడేళ్లకోసారి ఎమ్మారై లేదా అల్ట్రాసౌండ్ చేయించుకోమని ఇక్కడ మందులు, వైద్య పరికరాలను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. పైభాగం గరుకుగా ఉండే రకంతో లింఫోమా అనే అరుదైన ఒక రకం క్యాన్సర్ వస్తోందని తేలి, 2019 జులైలో అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అందుకని నున్నటి రకమేనా అని అడగండి. కంపెనీ పేరు, సీరియల్ నంబరు ఉన్న కార్డు తీసుకుని భద్రంగా పెట్టుకోండి.

ఖర్చు విషయంలో నేను అదృష్టవంతురాలిని. అమెరికాలో 1998లో చట్టం వచ్చింది. రొమ్ము తీసే ఆపరేషన్‌కు డబ్బులిచ్చే ఇన్సూరెన్స్ మళ్లీ రొమ్ము చేయడానికీ, రెండో వైపు సరిచేయడానికీ, ప్రొస్థీసిస్‌కూ ఇవ్వాలి. ఇండియాలో అలాంటి చట్టం లేదు గానీ, మీ హాస్పిటల్ అబ్బాయి మాట పట్టుకుని ఆగిపోకండి. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ అన్ని హెల్త్ పాలసీలకూ ఒకే రకం మినహాయింపుల మాటలు రాసిచ్చింది. అందులో కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీల మినహాయింపు కోడ్ 08. అక్కడే "ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఇది వర్తించదు" అన్న అర్థం వచ్చేలా ఉంది. మా అమ్మ పాలసీలో నేను చూశాను. మీ పాలసీ కాగితం తెరిచి ఆ వాక్యం కింద గీత గీసి, ముందస్తు అనుమతి కోసం పంపేటప్పుడు జత చేయించండి. సర్జన్ లెటర్‌లో "మాస్టెక్టమీ తర్వాత పునర్నిర్మాణం" అని స్పష్టంగా రాయమనండి, మాస్టెక్టమీ అంటే రొమ్ము తీసే ఆపరేషనే. రెండో వైపు సరిచేసే ఆపరేషన్‌కు కొర్రీ పెడతారేమో, దాని గురించి విడిగా అడగండి.

ఫిజియో, గుంటూరు:

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లను ఎక్కువగా చూస్తాను. చెయ్యి గురించి మాత్రం చెబుతాను.

వీపు కండ అంటే లాటిసిమస్ డార్సీ. చేతిని కిందికీ వెనక్కీ లాగే కండ అది. బావిలో నీళ్లు తోడడం, కుర్చీ చేతులు పట్టుకుని లేవడం, ఈత, ఇలాంటి వాటికి బాగా వాడతాం. అది ముందుకు తెచ్చేస్తే భుజం చుట్టూ ఉన్న మిగతా కండలు చాలావరకు ఆ పని అందుకుంటాయి. చాలామంది కొన్ని నెలల్లో ఇంటిపని మామూలుగా చేసుకుంటారు, అయితే బరువు లాగినప్పుడు త్వరగా అలసట వస్తుంది. మీ పనిలో ఎడమ చెయ్యి బల్ల ఎత్తులోనే గుడ్డను నడుపుతుంది కాబట్టి కుట్టు ఆగిపోదు. కత్తిరింపు బల్ల మీద వంగి, బరువైన గుడ్డ తాన్లు లాగడమే ఇబ్బంది.

ఇంకో రెండు సంగతులు. ఈ ఆపరేషన్ తర్వాత వీపులో నీరు చేరడం చాలా మామూలు, వారాల తరబడి సూది పెట్టి తీయాల్సి రావచ్చు. అలాగే వీపు కండ పలుచగా ఉంటుంది. మీరు మధ్యస్థం కంటే పెద్ద అన్నారు కాబట్టి అదొక్కటే సరిపోకపోవచ్చు, దాని కింద ఇంప్లాంట్ పెట్టాలంటారేమో, అప్పుడు మళ్లీ పైన చెప్పిన కరెంటు సమస్యే. దీని మంచి కూడా చెప్పాలి. కండ తన సొంత రక్తనాళంతోనే తిరిగి వస్తుంది, మైక్రోస్కోప్ కుట్లు అక్కర్లేదు, ఫ్లాప్ చెడిపోవడం బాగా తక్కువ. చిన్న రొమ్ములున్నవాళ్లకు ఇది నిజంగా బాగుంటుంది.

మీరు ఏది ఎంచుకున్నా మీ చేతికి అసలు ముప్పు చంక నుంచి వస్తుంది. బిళ్లలు తీసి, ఆపైన కరెంటు పెడితే చెయ్యి వాచే అవకాశం ఎక్కువ. ఆపరేషన్‌కు ముందే రెండు చేతుల చుట్టుకొలత మణికట్టు నుంచి పై దాకా నాలుగు వేళ్లకోసారి టేపుతో కొలిచి రాసి పెట్టుకోండి. మీ దగ్గర టేపు ఎలాగూ ఉంటుంది. తర్వాత తేడా మొదలైతే వెంటనే తెలుస్తుంది. సూది గుచ్చుకుంటే అక్కడే సబ్బుతో కడిగి మందు రాయండి, ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎడమ చేతి వేలికి తొడుగు లేకుండా చేతికుట్టు, హెమ్మింగ్ వద్దు.

రాజమండ్రి లక్ష్మి:

అమ్మా, నాకు 61. నేను ఏమీ చేయించుకోలేదు, తొమ్మిదేళ్లయింది. నా మాట కూడా విను.

నాకు ఇంకో ఆపరేషన్ మీద మనసు పోలేదు, అంతే. బాధగా లేదు. స్నానం చేసేటప్పుడు అద్దంలో చూసుకుంటాను, నా ఒళ్లే. సిలికాన్ ప్రొస్థీసిస్ కొనుక్కున్నాను. దానికి బరువు ఉంటుంది, అదే మంచిది, లేకపోతే ఒక భుజం కిందికి, ఒకటి పైకి అయిపోతుంది, మెడ లాగుతుంది. ఎండాకాలం మాత్రం చెమట పట్టి చిరాకు. అప్పుడు నూలుతో అల్లినవి వాడతాను. స్వచ్ఛందంగా అల్లి ఉచితంగా ఇచ్చేవాళ్లున్నారు, మీ హాస్పిటల్ కౌన్సెలర్‌ని అడుగు. ఆపరేషన్ గాయం మానే దాకా కూడా అవే హాయి.

నువ్వు తర్వాత చేయించుకోవాలనుకుంటున్నా, ఇప్పటికి ఏమీ లేకుండా కొన్నాళ్లు ఉండాలి కదా. అందుకని ముందే సర్జన్‌తో చెప్పు, "చదునుగా, మడతలు లేకుండా కుట్టండి" అని. చంక పక్కన కండ ముడతలా వదిలేస్తే బ్రా పట్టీ దాని మీదే ఒరుసుకుంటుంది. మా వదినకు అలాగే అయ్యింది, పాపం రోజూ పౌడరు వేసుకుంటుంది. "తర్వాత చేయించుకుంటారుగా, చర్మం మిగులుస్తాను" అంటారు కొందరు. పొట్టతో చేసేటప్పుడు చర్మం కూడా పొట్ట నుంచే వస్తుంది కదా, మరి మిగల్చడం అవసరమా అని అడుగు.

మీ ఆయన్ని కూడా డాక్టరు గదిలోకి తీసుకెళ్లు. మా ఆయన ఇంటి బయటే కూర్చునే మనిషి. గాయంలోని నీరు బయటికి తీసే డ్రెయిన్ గొట్టంలో ఎంత వచ్చిందో కొలిచి రాసే పని అప్పజెప్పాక మారిపోయాడు.

తెనాలి టైలర్:

అక్కలకు, లక్ష్మి గారికి, అందరికీ చెయ్యెత్తి దండం. మీరు రాసినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. మా ఆయన్ని కూడా లోపలికి తీసుకెళ్లాను. కరెంటు వల్ల ఏం జరుగుతుందో డాక్టరుగారు బొమ్మ గీసి చూపిస్తే, "అయితే అది అయ్యాకే పొట్టతో చేయిద్దాం" అని ముందు ఆయనే అన్నారు. నాకు అక్కడే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు చదునుగా కుట్టడమే అనుకున్నాం. కరెంటు పూర్తయిన ఏడాదికి, షుగర్ అదుపులో ఉంటే, డీప్. మా సర్జన్‌గారు డీప్ చేయరట, దాపరికం లేకుండా చెప్పారు. మైక్రోసర్జరీ చేసే టీమ్ ఉన్న చోటికి అప్పుడు లెటర్ ఇస్తామన్నారు. జీన్ పరీక్ష చేయలేదు, రక్తం ఇచ్చి వచ్చాను. పాలసీ కాగితంలో కోడ్ 08 వాక్యం నిజంగానే ఉంది. ఇన్సూరెన్స్ చూసే అబ్బాయికి చూపిస్తే ఫోటో తీసుకున్నాడు.

రెండు ప్రశ్నలు మిగిలాయి. కరెంటు తర్వాత టామోక్సిఫెన్ అనే హార్మోన్ వైద్యం మాత్ర రోజూ వేసుకోవాలట. దానికీ డీప్‌కీ ఏమైనా గొడవ ఉందా? నాది కాలి మిషన్ కాదు, మోటారు మిషన్. రొమ్ము తీశాక ఎప్పుడు కూర్చోవచ్చు?

హనుమకొండ టీచర్:

సంతోషం చెల్లె. టామోక్సిఫెన్ వల్ల రక్తం గడ్డ కట్టే గుణం కొంచెం పెరుగుతది, సన్న నాళాలు కుట్టే ఆపరేషన్‌కు అది మంచిది కాదు. నాకు ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందు ఆపించి, తర్వాత మళ్లీ మొదలుపెట్టించిన్రు. నీ అంతట నువ్వు ఆపకు. మైక్రోసర్జరీ డాక్టరు, క్యాన్సర్ డాక్టరు ఇద్దరూ మాట్లాడుకుని తేదీ చెప్తరు. షుగర్ సంగతి కూడా ఇప్పటి నుంచే చూసుకో. మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, ఏడు లోపు ఉంటేనే తేదీ ఇస్తమని నా పక్క బెడ్ ఆమెకు చెప్పిన్రు.

ఫిజియో, గుంటూరు:

డ్రెయిన్ గొట్టం తీసేదాకా మిషన్ వద్దు. ఆ రోజుల్లో వేళ్లు, మణికట్టు, మోచేయి కదిలించండి, చెయ్యి భుజం ఎత్తు దాటించకండి. డ్రెయిన్ తీశాక గోడ మీద వేళ్లతో పైకి పాకించే వ్యాయామం మొదలుపెట్టాలి, రోజూ ఎక్కడి దాకా అందిందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. కరెంటు పెట్టేటప్పుడు చెయ్యి తల మీదికి ఎత్తి ఉంచాలి. అంత ఎత్తు రాకపోతే అక్కడ ప్లానింగ్ కుదరదు, అందుకే ఇది ఆలస్యం చేయొద్దు. గాయం బాగా మానిందని సర్జన్‌గారు చెప్పాక మొదట పావుగంట కూర్చోండి, తేలిక గుడ్డలే. చెయ్యి బరువెక్కినట్టు అనిపించినా, ఉంగరం బిగిసినా, ఆ రోజుకు ఆపి టేపుతో కొలిచి చూడండి. కరెంటు జరిగే వారాల్లో అక్కడ చర్మం మండుతుంది. వదులుగా ఉండే నూలు జాకెట్లు ముందు హుక్కులు ఉన్నవి నాలుగు ఇప్పుడే కుట్టి పెట్టుకోండి, ఎడమ చంక దగ్గర కుట్టు మడత లోపలికి రాకుండా చూసుకోండి.